అయస్కాంతమునకు అంటని లోహములు

గద్వాల చీరకు అందము అంచున నున్నది. నూలుతో నేసిన చీరకు పట్టు అంచును, పట్టు కొంగును కలిపి నేయుట అచటి నేతగాండ్రు తరతరములుగా కాపాడుకొనుచున్న నేర్పు. ఆ అంచులోను, కొంగులోను మెరయు జరీ సామాన్యమైన దారము కాదు. మేలురకపు జరీలో పట్టునూలుపై సన్నని వెండి తీగను చుట్టి, దానికి బంగారుపూత పూయుదురు. చవుకరకపు జరీలో వెండికి మారు రాగి తీగ యుండును. పైకి రెండును ఒక్కతీరుగనే మెరయును. చీర కొనవచ్చిన వారెవరైనను కొంగుమీద చిన్న అయస్కాంతమును ఆడించి, "ఇది అంటుటలేదు, కనుక అసలైన జరీయే" అని నిశ్చయించుకొన్నచో మోసపోయినట్లే. వెండి అయస్కాంతమునకు అంటదు, రాగి అంటదు, బంగారమును అంటదు. కంసాలి గీటురాయిని, నిప్పును నమ్ముకొనెనే గాని అయస్కాంతమును నమ్ముకొనలేదు.

మనము నిత్యము ఎరిగిన లోహములలో అయస్కాంతము బలముగా ఆకర్షించునవి ఇనుము, నికెల్, కోబాల్టు అను మూడే. ఉక్కు ఇనుమునకు బిడ్డ గనుక అదియు అంటును. అయితే వంటయింటి స్టీలు గిన్నెలలో కొన్ని అంటును, కొన్ని అంటవు. అంటనివానిలో క్రోమియము, నికెల్ తగుపాళ్ళలో కలిసి, ఇనుము తన సహజగుణమును ప్రకటింపనీయని అమరిక ఏర్పడియుండును. రాగి, ఇత్తడి, కంచు, అల్యూమినియము, వెండి, బంగారము, సీసము, తగరము - ఇవి యన్నియు అంటని లోహములు. నిజము చెప్పవలెనన్న వీనికిని అయస్కాంతముతో అత్యల్పమైన సంబంధము గలదు. అల్యూమినియమును అయస్కాంతము లేశమాత్రము ఆకర్షించును. రాగిని, వెండిని, బంగారమును లేశమాత్రము వికర్షించును. కాని ఆ బలము సున్నితమైన పరికరములకు తెలియునే గాని చేతికి తెలియదు.

అంటని లోహమునకు అయస్కాంతముతో పనిలేదని అనుకొనుట సహజము. శాస్త్రజ్ఞులును చాలకాలము అట్లే అనుకొనిరి. ఆ అభిప్రాయమును కదల్చినది పారిస్ నగరమున జరిగిన ఒక చిన్న సంగతి.

గాంబే అను పరికరనిర్మాత అచట దిక్సూచులను చేయుచుండెను. దిక్సూచి ముల్లును వ్రేలితో కదల్చి విడిచినచో అది చాలసేపు ఇటునటు ఊగి, పిదప ఉత్తరదిక్కున నిలుచును. రాగి పళ్ళెరముపై నుంచిన ముల్లు మాత్రము కొద్ది ఊపులకే నిలిచిపోవుట కనబడెను. రాగి ముల్లును పట్టుకొనుటలేదు, ముట్టుకొనుటయు లేదు; అయినను దాని ఊపును అణచుచున్నది. అరాగో అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1824లో ఈ విషయమును శాస్త్రజ్ఞుల దృష్టికి తెచ్చెను. అంతతో ఆగక ఆయన ప్రశ్నను తలక్రిందులు చేసెను. నిలిచియున్న రాగి కదలుచున్న ముల్లును ఆపగలిగినపుడు, కదలుచున్న రాగి నిలిచియున్న ముల్లును కదల్పగలదా? రాగి పళ్ళెరమును వేగముగా త్రిప్పగా, పైనున్న ముల్లు మొదట ప్రక్కకు ఒరిగి, పిదప తానును గిరగిర తిరుగసాగెను. గాలి తగులకుండ నడుమ అడ్డుపెట్టినను ఫలితము మారలేదు.

చూచినవారందరును ఆశ్చర్యపడిరేగాని కారణము చెప్పగలిగినవారు లేకపోయిరి. 1825లో లండను నగరమున బాబేజి, హెర్షెల్ అను ఇరువురు ఈ ప్రయోగమును మరల చేసి, ఒక విచిత్రమును గమనించిరి. రాగి పళ్ళెరమున నడిమినుండి అంచునకు గాట్లు కోసినచో దాని ప్రభావము తగ్గిపోవుచున్నది. రాగి అంతయు అచటనే యున్నది. బరువు ఇంచుమించుగ అంతే. కాని పళ్ళెరము తన బలమును కోల్పోయినది. ఈ గాట్ల సంగతి జ్ఞాపకముంచుకొనదగినది. జూరాల వద్ద దీనితో మరల పని పడును.

కారణమును కనుగొన్నవాడు మైకేల్ ఫారడే. పుస్తకముల అట్టలు కుట్టు దుకాణమున పనినేర్చిన ఆ మహనీయుడు 1831లో ఒక సూత్రమును బయటపెట్టెను. లోహముగుండ పోవు అయస్కాంత క్షేత్రము మారినపుడు ఆ లోహమున విద్యుత్ప్రవాహము పుట్టును. మార్పు లేనిచో ప్రవాహము లేదు. అయస్కాంతము ఎంత పెద్దదైనను, లోహమునకు ఎంత చేరువ నున్నను, కదలక మెదలక యున్నంతకాలము రాగిలో ఏమియు జరుగదు. అది దగ్గరకు వచ్చినపుడును, దూరముగా పోయినపుడును, దాని బలము హెచ్చినపుడును, తగ్గినపుడును మాత్రమే రాగి మేలుకొనును.

తీగలోనైనచో ప్రవాహము తీగవెంటనే పోవును. వెడల్పైన రేకులోనో, దళసరి దిమ్మెలోనో దానికి ఒక దారి యని లేదు. అది గుండ్రముగా సుళ్ళు తిరుగును. వరదకాలమున బీచుపల్లి వంతెన స్తంభములను ఒరసికొని పోవు కృష్ణానీటిలో సుళ్ళు కనబడునట్లే, ఈ ప్రవాహములును రేకులో తమలో తామే చుట్టుకొనును. అందుచేతనే వీనికి ఆవర్త ప్రవాహములని పేరు. ఆవర్తమనగా సుడి. గాటు కోసినచో సుడి తెగును. పెద్ద సుడికి మారు చిన్నచిన్న సుళ్ళు మిగులును. బాబేజి, హెర్షెల్ చూచిన విచిత్రమునకు కారణమిదియే.

ప్రవాహమున్నచోట అయస్కాంతత్వము గలదు. కనుక ఈ సుడి ప్రతిదియు ఒక తాత్కాలికమైన చిన్న అయస్కాంతమే. అది ఏ దిక్కున పనిచేయునో 1834లో లెంజ్ అను శాస్త్రజ్ఞుడు నియమముగా చెప్పెను. తన్ను పుట్టించిన మార్పును అది ఎల్లప్పుడును ఎదిరించును. అయస్కాంతము దగ్గరకు వచ్చుచున్నచో వెనుకకు నెట్టును. దూరముగా పోవుచున్నచో తనవైపునకు లాగును. వచ్చు చుట్టమును వాకిట నిలిపివేసి, పోవు చుట్టమును కొంగుపట్టి లాగు ఇల్లాలి చందము రాగిది. చుట్టము కదలక కూర్చున్నచో ఆమెయు ఊరకుండును.

దీనిని స్వయముగా చూడగోరువారు బలమైన చిన్న అయస్కాంతము నొకదానిని, అది సులువుగా దూరగల దళసరి రాగి గొట్టమునో, అల్యూమినియపు గొట్టమునో సంపాదింపవలెను. శీతల యంత్రములు బిగించువారి వద్ద రాగి గొట్టపు ముక్కలు దొరకును. గొట్టమును నిలువుగా పట్టుకొని పైనుండి ఒక ఇనుప మేకును విడిచినచో అది అరసెకనులోపుననే క్రింద పడును. అయస్కాంతమును విడిచినచో అది తేనెలో మునుగు గులకరాయివలె మెల్లగా దిగివచ్చును. గొట్టములోనికి తొంగిచూచినచో, గోడలను తాకకయే నెమ్మదిగా పోవుచుండుట కనబడును. అయితే అది ఎన్నడును నడుమ ఆగిపోదు. ఆగినచో మార్పుండదు, మార్పు లేనిచో సుడి లేదు, సుడి లేనిచో ఆపువాడు లేడు, కనుక మరల పడవలసినదే. రాగి వేగమును తగ్గింపగలదు గాని కదలికను పూర్తిగా నిలుపలేదు. ఈ చివరిమాటలోనే రాగి బలమును, బలహీనతయు రెండును ఇమిడియున్నవి. (ఇట్టి అయస్కాంతములను చిన్నపిల్లలకు అందనీయరాదు. రెండింటిని మ్రింగినచో అవి కడుపులో ఒకదానినొకటి పట్టుకొని ప్రేగులను నొక్కివేయును. ప్రాణాపాయము కలుగును.)

పడు అయస్కాంతము పోగొట్టుకొన్న వేగము ఎచటికి పోయినది? వేడిగా మారినది. 1855లో ఫూకో అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బలమైన అయస్కాంతధ్రువముల నడుమ రాగి చక్రమును త్రిప్పి, త్రిప్పుట బరువగుటయు, చక్రము వేడెక్కుటయు చూపెను. నేడు పెక్కు ఇండ్లలో కనబడు ఇండక్షను పొయ్యియు ఈ వేడినే వాడుకొనును. పొయ్యిలోని తీగచుట్ట అతివేగముగా మారు అయస్కాంత క్షేత్రమును పుట్టించును. గిన్నె అడుగున సుళ్ళు లేచి గిన్నె తానే కాగును. అయితే సామాన్యమైన ఇండక్షను పొయ్యిపై అల్యూమినియపు గిన్నె పెట్టినచో పొయ్యి పలుకదు. అల్యూమినియములో సుళ్ళు పుట్టకపోలేదు. అవి చాల సులువుగా ప్రవహించును. అడ్డంకి లేనిచోట వేడి తక్కువ. ఇనుములోనైనచో ప్రవాహము పైపొరలోనే ఇరుకుకొని, అడ్డంకి హెచ్చి, వేడి పుట్టును.

గద్వాల జిల్లాలో కృష్ణానదిపై గల జూరాల జలవిద్యుత్కేంద్రమున ఒక్కొక్కటి 39 మెగావాట్ల యంత్రములు ఆరు గలవు. అచటినుండి వచ్చిన నీటినే వనపర్తి జిల్లా ఆత్మకూరు చేరువనున్న దిగువ జూరాల కేంద్రము మరల వాడుకొనును. అందు 40 మెగావాట్లవి ఆరు. నాగర్‌కర్నూలు జిల్లా నల్లమల కొండల గర్భమున శ్రీశైలము ఎడమగట్టు కేంద్రమున 150 మెగావాట్లవి ఆరు. ఈ పదునెనిమిది యంత్రములును ఫారడే సూత్రము మీదనే నడచుచున్నవి. నీరు చక్రమును త్రిప్పును, చక్రము అయస్కాంతములను త్రిప్పును, చుట్టునున్న రాగి తీగలలో విద్యుత్తు పుట్టును. రాగి అయస్కాంతమునకు అంటని లోహమే. కాని ఆ అంటని లోహములోనే ఊరూరి దీపము దాగియున్నది.

ఇచటనే ఒక చిక్కు కలదు. రాగి తీగలను ఒక పెద్ద ఇనుప కట్టడములో అమర్తురు. తిరుగు అయస్కాంత క్షేత్రము తీగలలో మాత్రమే ప్రవాహమును పుట్టించి, ఇనుమును విడిచిపెట్టదు. ఇనుమును విద్యుద్వాహకమే గనుక దానిలోను సుళ్ళు లేచును. ఒక్క దిమ్మెగా పోతపోసినచో అది కాగిపోవును. నీటి బలములో అధికభాగము వేడికే ఖర్చగును. అందువలన ఆ కట్టడమును ఇంచుమించుగా అరమిల్లీమీటరు మందము గల ఉక్కురేకులను వేలకొలది పేర్చి చేయుదురు. ప్రతి రేకునకును నడుమ విద్యుత్తును పోనీయని పూత యుండును. రేకులవెంట అయస్కాంత క్షేత్రము సుఖముగా పోవును. రేకులకు అడ్డముగా సుడి లేవజాలదు. 1825లో లండనులో కోసిన గాట్లే ఇవి. ఊరి చివర స్తంభముమీద నున్న ట్రాన్స్‌ఫార్మరులోను ఇట్టి రేకులే గలవు. పాత ట్రాన్స్‌ఫార్మరులను విప్పు మేస్త్రీలు ఆ రేకులను చూచియేయుందురు. అవి అంత పలుచగా ఏల యుండవలెనో అడిగినవారు కొందరే.

సుడి ఒకచోట శత్రువు, మరియొకచోట మిత్రము. వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో వేరుసెనగ చేలకును, వరిమళ్ళకును నీరు తోడు బోరు మోటారు పూర్తిగా సుళ్ళమీదనే బ్రతుకుచున్నది. ఆ మోటారు నడుమ తిరుగు భాగమునకు బయటినుండి ఏ తీగయు లేదు. దానిలో నున్నవి రాగివో, అల్యూమినియమువో కడ్డీలు. చుట్టునున్న తీగచుట్టలకు మూడు ఫేజుల విద్యుత్తు ఇచ్చినపుడు లోపల ఒక అయస్కాంత క్షేత్రము చక్రమువలె తిరుగును. బోరు మోటారులలో అది సామాన్యముగా నిమిషమునకు 3,000 చుట్లు తిరుగును. ఆ తిరుగు క్షేత్రము కడ్డీలలో ప్రవాహమును పుట్టించును. ఆ ప్రవాహము క్షేత్రము వెంటపడి పరుగెత్తును. అరాగో పళ్ళెరము క్రిందనుండి ముల్లును త్రిప్పినది. ఇచట ముల్లునకు మారు క్షేత్రము తిరిగి పళ్ళెరమును త్రిప్పుచున్నది. కడ్డీలు మాత్రము క్షేత్రమును ఎన్నడును అందుకొనజాలవు. 3,000 చుట్లకు బదులు ఇంచుమించు 2,850 చుట్ల వద్దనే యుండును. అందుకొన్న మరుక్షణము మార్పు పోవును, ప్రవాహము పోవును, లాగు బలము పోవును.

ఒక ఫేజు పోయినపుడు మోటారు కదలక "గుర్రు"మని మూలుగుట రైతులందరును ఎరిగినదే. అప్పుడు క్షేత్రము తిరుగుట మాని, ఉన్నచోటనే ముందువెనుకలుగా ఊగుచుండును. కడ్డీలకు ఏ వైపు పోవలెనో తోచదు. తీగచుట్టలలో మాత్రము ప్రవాహము విపరీతముగా పెరిగి అవి కాలిపోవును. బోరులోనుండి మోటారును పైకి లాగి, తీగ చుట్టించి, మరల దింపుటకు అగు వ్యయము ఒక పంట లాభమును మ్రింగివేయవచ్చును. మీటనొక్కిన వెంటనే మోటారు పలుకక మూలిగినచో తత్‌క్షణమే ఆపివేయుమని పెద్దలు పిల్లలకు చెప్పుట ఇందుకే.

ఇండ్లలోని పాత విద్యుత్ మీటరును చూచినవారికి అద్దము వెనుక అడ్డముగా తిరుగు పలుచని చక్రము గుర్తుండును. అది అల్యూమినియముది. దాని పైనను క్రిందను గల రెండు తీగచుట్టలు తిరుగు క్షేత్రము వంటి దానిని కల్పించి, చక్రమును ముందుకు లాగును. ఎంత విద్యుత్తు వాడిన అంత గట్టిగా లాగును. కాని లాగుబలము మాత్రమే యున్నచో చక్రము అంతకంతకు వేగమై లెక్క తప్పును. అందుకని చక్రపు అంచున ఒక శాశ్వతాయస్కాంతమును అమర్చిరి. చక్రము దాని నడుమనుండి పోవునపుడు సుళ్ళు లేచి వెనుకకు పట్టును. వేగము హెచ్చినకొలది పట్టు హెచ్చును. లాగుబలమునకును, పట్టుబలమునకును సరిపోయినచోట వేగము నిలుచును; ఆ వేగమే వాడిన విద్యుత్తునకు కొలత. ఇన్ని చుట్లకు ఒక యూనిట్టు అని మీటరు ముఖముననే ముద్రించియుందురు. ఒకే అల్యూమినియపు రేకునకు ఒకవైపున కొరడాగాను, మరియొకవైపున కళ్ళెముగాను ఒకే సూత్రమును వాడుకొన్న ఈ పనితనము మెచ్చుకొనదగినది.

ఈ కళ్ళెపు సంగతి తెలిసికొన్న కొందరు దానిని తప్పుత్రోవన వాడుకొనజూచిరి. మీటరుకు బయట మరియొక బలమైన అయస్కాంతమును అంటించినచో చక్రము నెమ్మదించునని వారి ఆశ. మీటరు పెట్టెకు అల్యూమినియపు మూతయో, గాజు మూతయో అడ్డమున్నను ఆ అయస్కాంత క్షేత్రము లోనికి పోవును. అది విద్యుచ్చౌర్యమే. 2003 విద్యుత్ చట్టము 135వ సెక్షను ప్రకారము దానికి మూడేండ్లవరకు కారాగారశిక్ష విధింపవచ్చును. ఇప్పుడు పాత చక్రపు మీటర్ల స్థానమున వచ్చిన ఎలక్ట్రానిక్ మీటర్లలో అయస్కాంతమును చేర్చినచో గుర్తించి నమోదుచేయు ఏర్పాటును ఉన్నది. దొంగ తన అయస్కాంతమును జేబులో పెట్టుకొని పోయినను, మీటరు మాత్రము మరువదు.

మీటరు మూతగుండ అయస్కాంతప్రభావము లోనికి పోయినదనుటతో మరియొక ప్రశ్న పుట్టుచున్నది. లోహపు పెట్టె తనలోని వస్తువును అయస్కాంతము నుండి కాపాడగలదా?

దీనికి సమాధానము వంటయింటనే దొరకును. బాటరీతో మ్రోగు చిన్న రేడియోలో హైదరాబాదు ఆకాశవాణి మీడియం వేవ్ కార్యక్రమమును పెట్టి, ఒక అల్యూమినియపు గిన్నెలో నుంచి, బిగువైన అల్యూమినియపు మూత పెట్టవలెను. పాట సన్నగిల్లి, ఆగిపోవును. మూత తీసినచో మరల వినబడును. ఇపుడు రేడియోను తీసి, అదే గిన్నెలో దిక్సూచి నుంచి, గిన్నె వెలుపల అడుగున అయస్కాంతమును ఇటునటు జరుపవలెను. ముల్లు గిన్నె లేనట్లే అయస్కాంతము వెంట తిరుగును. రేడియో తరంగమును పూర్తిగా అడ్డగించిన గిన్నె, అయస్కాంతమును ఏమాత్రము అడ్డగింపలేదు. గిన్నె అదే, మందము అదే. తేడా ఎచట?

తేడా వేగమున నున్నది. హైదరాబాదు మీడియం వేవ్ తరంగము సెకనునకు 7,38,000 మారులు ఊగును. అంత త్వరగా మారు క్షేత్రమునకు లోహమున బలమైన సుళ్ళు లేచి, పైపొరలోనే దానిని ఎదిరించి నిలుపును. అట్టి తరంగము రాగిలో ఒక మిల్లీమీటరులో పన్నెండవవంతైన చొరబడునప్పటికే దాని బలము నూటికి 37 వంతులకు దిగును; మరి అంతే చొరబడిన మిగిలిన దానిలో మరల 37 వంతులు. గిన్నె మందము ఒక మిల్లీమీటరున్నను తరంగము ఆవలికి చేరదు. ఇంటి విద్యుత్తు సెకనునకు 50 మారులే ఊగును. దాని అయస్కాంత క్షేత్రము అట్లు తగ్గవలెనన్న రాగిలో తొమ్మిది మిల్లీమీటర్లకు పైగా, అల్యూమినియములో పన్నెండు మిల్లీమీటర్లవరకు పోవలెను. ఇత్తడిలోనైనచో ఇంకను ఎక్కువ. కనుక వంటగిన్నె దానికి నామమాత్రపు అడ్డు. మార్పు లేని శాశ్వతాయస్కాంతమునకైతే ఇటుకమందమున రాగిగోడ కట్టినను లాభము లేదు. అయస్కాంతమును గభాలున గోడచెంతకు తెచ్చినచో ఆవలివైపునకు దాని ప్రభావము చేరుట కొంత ఆలస్యమగును, అంతే. రాగి ఆలస్యము చేయునే గాని ఆపజాలదు.

సుడికి దారి తెగినచో త్వరితమైన తరంగముల విషయమునను రక్షణ పోవును. మూత వదులై సందు మిగిలినచో రేడియో మరల పలుకును. సెల్‌ఫోనును గిన్నెలో పెట్టి మూసినను ఒక్కొక్కసారి మ్రోగుట ఇందువలననే. దాని తరంగములు పొట్టివి గనుక సన్నని సందులోనుండియు దూరగలవు.

పెద్ద ట్రాన్స్‌ఫార్మరులు చేయువారు ఈ లెక్కను జాగ్రత్తగా వాడుకొందురు. తీగచుట్టల నుండి చెదరిన అయస్కాంత క్షేత్రము ఇనుప తొట్టి గోడకు తగిలినచో గోడ కాగును. కొన్నింట తొట్టి లోపలి గోడలకు రాగి రేకులో, అల్యూమినియపు రేకులో తాపుదురు. వానిలో లేచిన సుళ్ళు ఆ క్షేత్రమును వెనుకకు మరల్చును. రేకు తగినంత దళసరిగా లేనిచో క్షేత్రము ఆగకపోగా రేకే కాగును. పలుచని రక్షణ కొన్నిచోట్ల రక్షణ లేకుండుట కన్నను చెరుపు.

నిలకడగానున్న అయస్కాంతము నుండి కాపాడవలెనన్న మరల ఇనుమునే ఆశ్రయింపవలెను. దిక్సూచికిని అయస్కాంతమునకును నడుమ ఇనుప పెనము నొకదానిని నిలిపిచూచినచో ముల్లు మునుపటివలె కదలదు. ఇనుము క్షేత్రమును ఎదిరించుట లేదు. దానిని తనలోనికి పిలిచి, తనగుండనే ప్రక్కకు నడిపించుచున్నది. వరదనీటికి కట్ట వేయుట ఒక పద్ధతి, కాలువ త్రవ్వి మళ్ళించుట వేరొక పద్ధతి. రాగిది కట్ట, ఇనుముది కాలువ. కాలువకును హద్దు గలదు. క్షేత్రము మిక్కిలి బలమైనచో ఇనుము నిండిపోయి, మిగిలినది పొంగి బయటికి వచ్చును.

కీ యిచ్చు చేతిగడియారముల కాలమున విద్యుత్కేంద్రములలో పనిచేయువారికి ఇది అనుభవమే. గడియారపు లోపలి సన్నని ఉక్కు స్ప్రింగు అయస్కాంతత్వము పట్టి, దాని చుట్లు ఒకదానికొకటి అంటుకొని, గడియారము తప్పుగా నడచును. బంగారపు తొడుగు గడియారమైనను అంతే. బంగారము అయస్కాంతమును ఆపదు. 1950 దశకమున ఇట్టివారికొరకు మెత్తని ఇనుముతో లోపల మరియొక తొడుగు వేసి గడియారములు చేసిరి. ఇనుము ముందు బంగారము ఓడిన చోటులలో ఇది యొకటి.

గడియారము తప్పినచో బాగుచేయించుకొనవచ్చును. గుండె సంగతి అట్లు కాదు. గుండె లయ తప్పినవారికి రొమ్ము చర్మము క్రింద పేస్‌మేకరు అను చిన్న యంత్రమును అమర్తురు. దాని తొడుగు టైటానియము. అది శరీరమునకు సరిపడు లోహము, తుప్పు పట్టదు, అయస్కాంతమునకు అంటదు. బయటి రేడియో అలజడిని ఆ తొడుగు చాలవరకు ఆపును. కాని శాశ్వతాయస్కాంతము దానిగుండ సులువుగా పోవును. వైద్యులు దీనినే అనుకూలముగా మార్చుకొనిరి: పైన అయస్కాంతము నుంచినపుడు యంత్రము గుండె చప్పుడును గమనించుట మాని, నియతవేగముతో కొట్టునట్లు సాధారణముగా ఏర్పాటు చేయబడియుండును. పరీక్షలోను, కొన్ని చికిత్సలలోను అది అవసరము. వైద్యుడు కోరినపుడు జరుగవలసినది, చొక్కా జేబులోని వస్తువు వలన జరుగరాదు గదా. నేటి కొన్ని సెల్‌ఫోనులలో బలమైన అయస్కాంతములు గలవు. అందుచేత పేస్‌మేకరు గల వారు ఫోనును ఆ చోటికి పదునైదు సెంటీమీటర్లకు తగ్గని దూరమున నుంచుకొనవలెనని 2021లో అమెరికా వైద్యపరికరముల నియంత్రణ సంస్థ సూచించెను. ఇంట తాతగారికి పేస్‌మేకరున్నచో ఆయన ఎడమజేబులో ఫోను పెట్టకుండ చూచు పని మనుమలు చేయదగినదే.

రాగి చేయగలిగినదియు, చేయలేనిదియు ఒక్కచోటనే చూడవలెనన్న ఎం.ఆర్.ఐ. పరీక్ష జరుగు గదిని చూడవలెను. పాలమూరు జిల్లాలనుండి చికిత్సకై హైదరాబాదు పెద్ద ఆసుపత్రులకు పోయినవారిలో పెక్కుమంది ఆ గదిలో పరుండి లేచినవారే. ఆ యంత్రమున 1.5 టెస్లాల అయస్కాంతము సర్వసామాన్యము. అది భూమి అయస్కాంతబలమునకు 30,000 రెట్లకు మించినది. శరీరమునుండి వచ్చు బలహీనమైన రేడియో సంకేతములను వినుట ఆ యంత్రము పని. బయటి రేడియోకేంద్రముల రొద లోనికి వచ్చినచో అది వినబడదు. అందువలన గది గోడలకును, కప్పునకును, నేలకును, తలుపునకును పలుచని రాగి రేకులు తాపుట పరిపాటి. తలుపు మూసినపుడు రాగి రాగితో కలియునట్లు అంచులలో లోహపు పట్టీలు గూడ నుండును. సందు మిగులరాదు గదా.

ఆ రాగి గది రేడియో రొదను చక్కగా ఆపును. లోపలి మహాయస్కాంతమును మాత్రము బయటికి రాకుండ ఆపజాలదు. దానికొరకు యంత్రమునందే ఎదురుగా పనిచేయు తీగచుట్టలను అమర్తురు, అవసరమైనచోట గోడలలో ఉక్కుపలకలు నిలుపుదురు. అయస్కాంతము విద్యుత్తు ఆపినను ఆగునది కాదు. అతిశీతలమైన ద్రవ హీలియములో మునిగిన దాని తీగచుట్టలలో ప్రవాహము రాత్రింబవళ్ళు తిరుగుచునే యుండును. గది నిశ్శబ్దముగా నున్నదని, యంత్రము ఆగినదని భ్రమపడువారున్నారు. 2018 జనవరిలో ముంబయిలోని ఒక ఆసుపత్రిలో రోగి బంధువొకరు ప్రాణవాయువు సిలిండరును పట్టుకొని అట్టి గదిలోనికి పోగా, అయస్కాంతము సిలిండరును ఈడ్చుకొనెను. ఆయన ప్రాణములు కోల్పోయెను.

అదే గదిలో పనికొరకు అల్యూమినియపు సిలిండర్లను, అంటని లోహములతో చేసిన చక్రపుకుర్చీలను వేరుగా చేయించి యుంచుదురు. అవి ఇనుపవానివలె ఎగిరిపోవు. అయితే దళసరి అల్యూమినియపు పలకను నిలువుగా నిలిపి ఆ అయస్కాంతపు చేరువలో పడవేసినచో, అది ధబ్బున పడక నీటిలో ఆకువలె మెల్లగా ఒరుగును. పలకలో సుళ్ళు లేచి నేలవరకును దానిని పట్టి దింపును. ఆ గది తలుపు బయట నున్న బల్లమీద లోనికి పోవువారు తాళపుచెవులను, గడియారమును, ఫోనును, మొలత్రాటికి కట్టిన తాయెత్తునుసైతము విప్పి యుంచుదురు. తాయెత్తు రాగిదైనచో అయస్కాంతము దానిని లాగదు. అయినను విప్పుమనియే చెప్పుదురు, ఏలననగా లోపల త్వరత్వరగా మారు క్షేత్రములును పనిచేయుచుండును, అవి రాగిని వేడెక్కింపగలవు.